తాబేళ్ల బోర్డులో చివరి వరుస

జంతుప్రదర్శనశాలలో ముప్పై ఒక్క ఏళ్లు బోర్డులు రాసిన ఆమెను అందరూ కుంచెమ్మ అనేవారు. బోర్డు అడుగున ఖాళీ వదలకూడదన్నది ఆమె నియమం. "ఖాళీ కనిపిస్తే పని మధ్యలో వదిలేశారనుకుంటారు సార్" అనేది. అక్కడ పర్యవేక్షకుడిగా ఉన్న నాకు ఆ నియమం మెచ్చదగినదిగానే తోచింది.

తాబేళ్ల కొలను దగ్గరి బోర్డుకు నేనిచ్చిన పాఠం ఒక వరుస తక్కువైంది. కూర్మం, కచ్ఛపం సంస్కృతం నుంచి వచ్చాయనీ, కచ్ఛమంటే నీటి ఒడ్డనీ, తాబేలును తామేలని కూడా అంటారనీ రాసి ఇచ్చాను. మిగిలిన చోట ఆమె తనంతట తానే "తాబేలుకు ఈ పేరు మొదట పెట్టినవారు జాలరులు" అని చేర్చింది. వల బాగుచేసుకుంటూ ఆమె తండ్రి అనే మాట అది. పూర్తయిన బోర్డును చదవకుండానే ఆమోదిస్తూ నేను సంతకం చేశాను. కాబట్టి తప్పులో సగభాగం నాది.

పన్నెండేళ్లు గడిచాయి. తన పదవీ విరమణ వారంలో ఉందనగా, కుంచెమ్మ మనవరాలి పరీక్ష కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది. బడి పిల్లలు మా కొలను చూసి వెళ్లాక పెట్టిన పరీక్ష అది. తాబేలుకు ఆ పేరు ఎవరు పెట్టారన్న ప్రశ్నకు మనవరాలు బోర్డులో ఉన్నదే రాసి రెండు మార్కులు తెచ్చుకుంది. పక్కన కూర్చున్న పిల్ల "తెలియదు" అని రాసింది. ఆ పిల్లకు సున్నా.

"ఆ పిల్ల రాసిందే కరెక్టు సార్. వచ్చే నెల ఈ బోర్డులన్నీ ప్రింటు కొట్టిస్తారట. ఉన్నది ఉన్నట్టు అందులోకి ఎక్కిపోతుంది."

"మీ నాన్న చెప్పింది అబద్ధమని రుజువుందా?"

"నిజమని ఉందా సార్?"

నా దగ్గర లేదు. "జాలరులు పెట్టారని అంటారు" అని మారుద్దామన్నాను.

"అన్నది మా నాన్నొక్కడే. ఒక్కడంటే 'అంటారు' అవుతుందా? పైగా ఆయన మాటలు కోటలు దాటేవి, పడవ మాత్రం గట్టు దాటేది కాదు!" అని నవ్వింది. నవ్వు ఆగాక, కాగితం మడతపెడుతూ అంది: "అక్షరం ముక్క రాని మనిషి సార్. ఆయన మాటంటూ మిగిలింది ఆ ఒక్క వరుసే."

"మరి ఎందుకమ్మా చెరపడం?"

"ఆ పిల్లకు సున్నా వచ్చింది కదా."

బోర్డు తప్పని, బాధ్యత మాదేనని బడికి ఉత్తరం రాశాను. మర్నాడు ఉదయం ఆమె కొలను దగ్గర పీట వేసుకుని, చివరి వరుస మీద తెల్లరంగు పూసింది. రంగు ఆరేసరికి కింది అక్షరాలు మసకమసకగా తేలాయి. 'జాలరులు' అన్న మాటను ఇంకా చదవవచ్చు. ఆమె కుంచెను మళ్లీ రంగులో ముంచింది.

"చాల్లే అమ్మా, దూరానికి కనబడదు" అన్నాను.

"పిల్లలు దగ్గరికొచ్చి చదువుతారు సార్."

రెండో పూత వేసింది. అది ఆరాక, "తాబేలుకు ఈ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు" అని రాసింది. ఒక్క అక్షరమూ వంకర పోలేదు.