అవ్వ చేసుకున్న ఒప్పందం

కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి లోకమంతా తన బల్ల మీదే ఉన్నట్టుంటుంది. ఆ రోజుల్లో ఆత్మకూరు బస్టాండు ఎదుట విమాన టికెట్ల అంగట్లో చేరిన నా పరిస్థితీ అంతే. (అప్పటికి విమానాన్ని దగ్గర్నుంచి చూసింది కూడా లేదు.) అక్క కాన్పుకని అవ్వ లండన్ ప్రయాణం పెట్టుకుంది. ఆమెకు ఉబ్బసం. అక్కడ ఆస్పత్రిలో పడితే ఆ ఖర్చుకు మా గొర్రెల మందంతా అమ్ముకోవాల్సి వస్తుందని నాకు నిజంగానే భయం పట్టుకుంది. అవ్వ ఉండే మా ఊరు ఉదయగిరికి పోయి, గొంతు సవరించుకుని, ఇన్సూరెన్స్ చేయించుకోమన్నాను.

"ప్రయాణం పెట్టుకుంటే రోగం మాటెత్తుతావేందిరా? నీ నోట్లో మన్ను పొయ్య!" అంది అవ్వ.

నేను పట్టు వదల్లేదు. కొన్ని దేశాలు ఒకరి మనుషులకు జబ్బు చేస్తే ఇంకొకరు చూసేట్టు ఒప్పందం చేసుకుంటాయనీ, లండన్ వాళ్లకూ మనకూ అది లేదనీ మేష్టారిలా వివరించాను. అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"లేదా? మనం సంగం ఊరికి పొయ్యి అక్కడి మళ్లల్లో గొర్రెల మంద కడితే ఆ రైతులకు ఎరువు. మీ తాతకు జొరమొస్తే ఆ మడి ఆసామి ఇంట్లోనే పండబెట్టి గంజి పోసినారు. వాళ్ల పిల్లోడు మన కొండ చూడనొచ్చి పడితే మనం చూసినాం. ఈ మాత్రం మాట్టాడుకోను అంతంత దేశాలకు తీరిక ల్యాకపాయనా?"

చివరికి అక్క ఫోనులో ఏడిస్తే అవ్వ ఇన్సూరెన్స్‌కు ఒప్పుకుంది. "అయినా నా ఒప్పందం నేను చేసుకుంటా" అని కూడా అంది. అంగట్లో అందరికీ చెప్పి నవ్వాను.

అన్నంత పనీ చేసింది. అక్క పక్కింట్లో ఒక తెల్ల ముసలామె ఉండేది. "నాకు ఆయాసమొస్తే నువ్వు చూడు, నువ్వు ఉదయగిరి వస్తే నేను చూస్తా" అని అక్క చేత చెప్పించి, చేతిలో చెయ్యి వేయించుకుంది. చలికాలంలో అవ్వకు ఎగశ్వాస వస్తే ఆమే పక్కన కూర్చుని ఆవిరి పట్టిందట. ఆస్పత్రి అవసరం రాలేదు. ఇన్సూరెన్స్ కాగితం పెట్టిన మడత పెట్టినట్టే తిరిగొచ్చింది. (దానికి నేను కొంచెం నొచ్చుకున్న మాట వాస్తవం.)

అవ్వ కన్నుమూశాక, నిరుడు అక్కతో పాటు ఆ ముసలామె మా ఊరు వచ్చింది. కోట చూడాలని కొండెక్కుతూ రాళ్లలో జారింది. చీలమండ బూరెలా పొంగింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి, అలవాటు కొద్దీ, "ఇన్సూరెన్స్ ఉందా అండీ?" అన్నాను.

ఆమె నొప్పిలోనే నవ్వి ఏదో చెప్పింది. అక్క కళ్లు తుడుచుకుంది.

"ఉండాదంటరా. కానీ మన అవ్వ మాటిచ్చిందంట, ఆ ఇంటికే తీసుకుపొమ్మంటా ఉండాది."

ఎముక విరగలేదని డాక్టరు చెప్పాక ఇంటికే తీసుకొచ్చాం. కాలు నిమ్మళించేదాకా ఆమె మా అవ్వ మంచం మీదే పడుకుంది. పసుపు పట్టు వేసే పని నాది. అప్పుడు అంగట్లో నవ్విన ఆ కుర్రాడు ఇప్పుడు కనిపిస్తే, ఆ పసుపు గిన్నె వాడి చేతికిచ్చి మంచం పక్కన కూర్చోబెట్టాలనుంది.