బియ్యం డబ్బాలో కర్బూజ

ప్రతి కాయకూ పండే కాలాన్ని నియమించిన దేవునికి స్తోత్రం.

ఖరగ్‌పూర్‌లో వాక్యం చెప్పడానికి వెళ్ళినప్పుడు తాల్‌బగీచాలో ఒక తెలుగు కుటుంబం నాకు బస ఇచ్చింది. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన ఆ ఇంటి పెద్దాయన, ఆపరేషన్ తర్వాత తిండి మీద ఇష్టం పోయి మంచం పట్టారు. ఆయన భార్య మరియమ్మగారితో బజారుకు వెళ్ళాను. పళ్ళ దుకాణాయన ఘుమఘుమలాడే కర్బూజ ఇవ్వబోతే ఆమె వద్దని, ముదిరినా ఇంకా గట్టిగా ఉన్నదాన్ని ఏరుకున్నారు.

"దీదీ, ఆజ్ భీ కచ్చా?" అని, ఈరోజు కూడా పచ్చికాయేనా అన్నట్టు అతను నవ్వాడు.

ఇంటికి రాగానే దాన్ని భర్త ముక్కు దగ్గర పట్టి, "పండిందేటి, సూడండి" అన్నారు.

ఆయన తొడిమ దగ్గర వాసన చూసి, "ఇన్నేళ్ళొచ్చినా నీకు కాయ కొనడం రాదే! బియ్యంలో ఎట్టు, రేపు సూద్దాం" అన్నారు.

వంటింట్లో ఆమె గొంతు తగ్గించి, "నాకు తెల్దేటి అయ్యగారూ? పండు తెస్తే వద్దంటారు. కాయ తెస్తే రేపు సూద్దామంటారు. ఆ రేపు కోసమే తెస్తన్నాను" అన్నారు.

నేను బయలుదేరే ఉదయం ఆయనే లేచి కూర్చుని, "ఇక కొయ్యే" అన్నారు. రెండు ముక్కలు తిన్నారు.

ప్రియులారా, ఆ ఇంటి బియ్యంలో మరో కాయ పండుతూ ఉండాలని నాతో కలిసి ప్రార్థించండి.