పన్నెండు బొడిపెలు

దూదికి అంటుకుని వచ్చినదాన్ని చూడగానే రాళ్ళపిన్ని చెయ్యి వెనక్కి లాక్కుంది. పసుప్పచ్చగా, సాగుతూ, జలుబు చేసినవాడి ముక్కులోంచి దిగేదానిలా ఉంది. రాయిలోంచి చీమిడి రావడమేమిటి? ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆ గదిలో శిలాజ పగడాలు శుభ్రం చేస్తున్న మనిషి ఆవిడ. ఆ భూగర్భశాఖ ఆఫీసులో అటెండరు మొదలు పెద్దసారు దాకా అందరికీ పిన్నే.

ఆవిడ బడిచదువు పదో తరగతితో ఆగింది. పగడాల చదువు మాత్రం సూదిమొనతో నేర్చుకుంది. ఎప్పుడో సముద్రంలో బతికిన ఓ చిన్న ప్రాణి తన చుట్టూ కట్టుకున్న సున్నపు ఇల్లే రాతి పగడం. పైరూపం చూసి దాని వంశం చెప్పడానికి లేదు. అలల పోటు ఉన్నచోట పొట్టిగా పెరిగిన జాతే, నీరు నిమ్మళంగా ఉన్నచోట కొమ్మలు వేస్తుంది. కాబట్టి లోపలికి చూడాలి. అంచునుంచి మధ్యకు వచ్చే పల్చటి అడ్డగోడలు ఆరా, పన్నెండా, ఇరవైనాలుగా? మధ్యలో స్తంభం ఉందా? గోడల కొసల్లో బొడిపెలున్నాయా? "మొహం చూసి సంబంధం కలుపుకోకండమ్మా, ఇంట్లోకెళ్ళి గోడలు లెక్కపెట్టండి" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది.

ఇప్పుడు దూదిమీద ఉన్నది అలాంటి బొడిపే.

అది ఆషామాషీ బొడిపె కూడా కాదు. పందొమ్మిదేళ్ళ కిందట ఈ రాయిలోనే, పన్నెండు గోడల కొసల్లో పన్నెండు బొడిపెలు చూసి పెద్దసారు గంతేశారు. ఇది కొత్త జాతి అని పుస్తకంలో రాసి, శుభ్రం చేసిన చెయ్యి గుర్తుగా పిన్ని ఇంటిపేరే దానికి పెట్టారు. కుట్టుమిషన్లు బాగుచేసే ఆమె మొగుడు ఆ పేజీకి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి చదివించేవాడు.

ఆ పుస్తకం మళ్ళీ అచ్చవుతోంది. కొత్త ఫొటో కోసం రాయి దుమ్ము తుడవమన్నారు. ఎసిటోనులో ముంచిన దూది తగిలిందో లేదో, ఒక బొడిపె ఊడి వచ్చింది. ఎసిటోనుకు రాయి కరగదు. జిగురు కరుగుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, రాకపోయినా బాగుండేది. పందొమ్మిదేళ్ళ కిందట ఈ రాయి శుభ్రం చేస్తుంటే సూది జారి గోడలు బీటలిచ్చాయి. జిగురు వాడితే రాయితోపాటు ఉండే కార్డులో రాయాలి. రాస్తే సారు ఆఫీసంతా వినపడేలా అరుస్తారు. రాయలేదు. గుండుసూది మొనతో ఒక్కో గోడ కొసకు ఒక్కో చుక్క, గుండీలు కుట్టినంత పొందిగ్గా పెట్టింది. ఆరేలోగా రాతిపొడి పడి రాయి రంగే వచ్చింది. సారు గంతేసినప్పుడు, తన చుక్కలు లోపలికి ఇంకిపోయాయనీ, ఇవి వేరే అనీ అనుకుంది. అనుకుందా, అనుకోవాలని అనుకుందా? ఛీ! కాస్త అడ్డదిడ్డంగా పెట్టినా ఎవరూ మోసపోయేవాళ్ళు కాదు. తన పొందికైన చేతిమీద తనకే రోత పుట్టింది.

దూది పట్టుకుని సారు గదికి వెళ్ళింది. ఆయన టీలో నానబెట్టిన బిస్కట్టును సగం నోటికీ సగం మీసానికీ పెడుతున్నారు.

"సార్, ఇది బొడిపె కాదు. నేను పెట్టిన జిగురు. పన్నెండూ అంతే."

ఆయన దూదిమీదికి వంగారు. "ఎన్ని ఊడాయి?"

"ఒకటి."

"ఇంకా పదకొండున్నాయిగా! ఇటు తిప్పి తీయించు ఫొటో."

"సార్!"

"అరవకు పిన్నీ. ఆ అవతలి దేశం ప్రొఫెసరు తన దగ్గరున్న రెండు రాళ్ళలోనూ ఈ బొడిపెలు చూశానని రాశాడు. ఆయనేం గుడ్డివాడా?"

"మీ పుస్తకం చదివాక ఆయనకూ ఉన్నట్టే కనిపించి ఉంటాయి. లేకపోతే ఆయన రాళ్ళక్కూడా నేనే వెళ్ళి జిగురు పెట్టొచ్చానంటారా?"

"నీకేం పోయింది చెప్పు. వచ్చే ఏడు రిటైరవుతావు. మిగిలేది ఆ పేరొక్కటే. దాన్నీ నువ్వే తుడుచుకుంటావా?" మీసంమీది బిస్కట్టు ముద్ద టీలోకి జారింది. ఆయన దాన్ని చెంచాతో వెతికి తీసి నోట్లో వేసుకున్నారు.

పిన్ని మొహం తిప్పుకుంది. ఈ మనిషికా తను భయపడి కార్డులో ఒక్క ముక్క రాయలేకపోయింది! అంతకంటే అసహ్యమేమిటంటే, ఆయన మాట ఒక్క క్షణం తనకూ తియ్యగానే తగిలింది.

బల్ల దగ్గరికి వచ్చి మిగతా పదకొండూ కడిగేసింది. భూతద్దం కింద పన్నెండు గోడలు బోడిగా నిలబడ్డాయి. మూడో సొరుగులో వందలకొద్దీ పడి ఉన్న రకమే. కార్డుమీద రాసింది: "బొడిపెలు లేవు. అది జిగురు. పెట్టింది నేను, దాచింది నేను." సంతకం, తేదీ. దూది ముద్దలన్నీ ఓ సీసాలో కుక్కి, కార్డుతోపాటు తీసుకెళ్ళి సారు ముందు పెట్టింది.

"ఇదేంటిది?"

"మీ కొత్త జాతి సార్."

ఆయన సీసాను రెండు వేళ్ళతో దూరంగా జరిపారు. కార్డు రెండుసార్లు చదివారు. ఆమె నడవాలోకి వచ్చాక, ఆ పేజీ ఆపమని ప్రెస్సువాళ్ళతో ఫోనులో గొణగడం వినిపించింది.

ఇంటికొచ్చి సబ్బుతో మూడుసార్లు కడిగినా వేళ్ళకు ఎసిటోను వాసన పోలేదు. మొగుడికి అంతా చెప్పింది. అతను స్టూలెక్కి ఫ్రేము దించాడు. వెనక గోడకు రెండు బల్లిగుడ్లు అంటుకుని ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ నీ పేరు చాటున ఎవరో కాపురం పెట్టారే!"

"ఛీ, పారేయండి అవతల!"

"గుడ్లా, పేజీయా?"

ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దగ్గరికి వెళ్ళింది. చెయ్యి అలవాటు కొద్దీ వేలిగోటితో ఒక పెంకును మెల్లగా తట్టింది. లోపల ఏమీ లేదు; పిల్ల ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఇవి నిజమైనవే. ఉండనివ్వండి" అంది. "పేజీ పారేయండి."