వీరావల్ నుంచి మోగిన సబ్‌స్టేషన్ ఫోన్

2003లో నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో నాయబ్ సుబేదారుని. తుపాకీ కంటే మోడెమ్ ఎక్కువ పట్టిన సిపాయిని. కరెంటు సబ్‌స్టేషన్లు, నీటి పంపుహౌసులు కంప్యూటర్ల చేతికి వెళుతున్న రోజులవి. వాటిలోకి దొంగదారులేమైనా ఉన్నాయేమో వెతికి మూయించడం మా చిన్న బృందం పని. సెలవుకి మా ఊరు కంచిలి వస్తే మా మావయ్య, "బోర్డరు ఒగ్గీసి తీగలు కాత్తన్నావేటి?" అని ఆటపట్టించేవాడు. ఆ తీగలే ఓసారి నన్ను డ్యూటీ మీద మా ఉద్దానం ప్రాంతానికే లాక్కొచ్చాయి.

సముద్రానికి దగ్గర్లో, జీడితోటల పక్కన ఒక సబ్‌స్టేషన్ ఉండేది. అందులో ఆర్‌టీయూ అనే పెట్టె బిగించారు. టెక్కలిలో కూర్చున్న ఇంజినీరు ఫోన్ లైన్ మీద ఆ పెట్టెకి ఆజ్ఞలిచ్చి బ్రేకర్‌ని, అంటే ఊళ్ళకు కరెంటు వదిలే పెద్ద స్విచ్చిని, అక్కణ్ణుంచే నడిపేవాడు. ఫోన్‌కీ పెట్టెకీ మధ్య దుబాసీ మోడెమ్. ఆ మోడెమ్‌కి ఎవరో పదేపదే ఫోన్ చేసి పెట్టేస్తున్నట్టు ఇంజినీరు కనిపెట్టాడు. ఎక్స్చేంజిలో అడిగితే కాల్స్ అన్నీ గుజరాత్ తీరం నుంచే అన్నారు. అసలే సరిహద్దు రాష్ట్రం. దానికితోడు ఆ నెలలోనే రెండుసార్లు బ్రేకర్ పడిపోయి ఊళ్ళకు ఊళ్ళు చీకటయ్యాయి. ఇంకేముంది, శత్రువు మన తలుపు తడుతున్నాడని కబురు మాదాకా వచ్చింది.

మేం వెళ్ళేసరికి ఆపరేటర్ అప్పన్నని బెంచీ మీద కూర్చోబెట్టి ఇద్దరు కానిస్టేబుళ్ళు కాపలా ఉన్నారు. అతను పక్కనున్న మత్స్యకార గ్రామం మనిషి, కాంట్రాక్టు ఉద్యోగి. మోడెమ్ లైన్‌కి చాటుగా ఒక ఫోన్ తగిలించి బల్ల కింద దాచాడు. సాయంత్రంలోగా నిజం చెప్పకపోతే దేశద్రోహం కేసు పెట్టి తీసుకుపోతానని ఎస్సై అప్పటికే చెప్పేశాడు. అప్పన్న మాత్రం నోరు విప్పడు. నాకు ఒళ్ళు మండింది. మావాడొకడు ఇంత పని చేశాడంటే మా రెజిమెంటులో నేను తలెత్తుకోలేను.

మా కెప్టెన్ ఉత్తరాది కుర్రాడు, చురుకైనవాడు. కాల్స్ వచ్చిన తేదీలన్నీ నా ముందు పరిచి, వానాకాలంలో కొన్ని నెలలపాటు ఒక్క కాల్ కూడా లేదని చూపించాడు. ఆ నెలల్లో శత్రువు ఏదో పెద్ద ఏర్పాటులో ఉండి ఉంటాడని అతని అనుమానం. నాకు మాత్రం నవ్వొచ్చినంత పనైంది. మా తీరం మగవాళ్ళు గుజరాత్‌లోని వీరావల్ రేవుకి పోయి అక్కడి బోట్ల మీద కూలికి చేపల వేట చేస్తారు. వేట ఆపేసే ఆ నెలల్లోనే ఇళ్ళకి తిరిగొస్తారు. మొగుడు ఇంట్లోనే ఉంటే ఇంటికి ఫోన్ చేసేదెవరు?

వెళ్ళి అప్పన్న పక్కన కూర్చున్నాను. "బావా, ఈ ఫోన్ ఎవల కోసం ఎట్టినావు?" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూసి ఏ ఊరని అడిగాడు. కంచిలి అన్నాను.

"సెప్తే ఫోన్ కోసెత్తారు బావూ. నన్ను అట్టుకుపోతే పోనీండి. మా ఆడోల్లకి ఇదొక్కటే దారి" అన్నాడు మెల్లగా.

ఊళ్ళో మరో ఫోన్ లేదట. బూత్ కావాలంటే కంచిలి దాకా పోవాలట. ఇది ఎస్సైకి చెబితే, కథలు ఎవరైనా చెబుతారన్నాడు. సరే, మీరే వినండి అని ఫోన్‌ని మళ్ళీ లైన్‌కి తగిలించి ఎదురుచూశాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మోగింది. మోడెమ్ అందుకునేలోపే ఎత్తి, రిసీవర్ని నా చెవికీ ఎస్సై చెవికీ మధ్య పెట్టాను.

"మావా, నాను పోలయ్యని. మా ఆడది నీల్లాడిందేటి?"

ఎస్సై నా మొహం చూశాడు. పెళ్ళానికి పురుడొచ్చిందా అని అడుగుతున్నాడని చెప్పగానే, అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న అప్పన్న లేచి నిలబడ్డాడు.

"ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారని సెప్పండి బావూ."

చెప్పాను. అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు. నా గుండెల మీద బరువంతా దిగిపోయింది. ఎస్సై రిసీవర్ వదిలి, కానిస్టేబుళ్ళని జీపెక్కమన్నాడు. కరెంటు ఎందుకు పోయిందో కూడా మర్నాడు తేలింది. సముద్రపు గాలికి పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుని మంట లేచి, బ్రేకర్ దానంతటదే పడిపోయింది, అంతే.

అలాగని అప్పన్నని ఊరికే వదల్లేదు. ఆ నంబరు వీరావల్ రేవు మొత్తానికి తెలుసు. మోడెమ్‌కి పాస్‌వర్డ్ లేదు. పని తెలిసిన దుర్మార్గుడి చెవిన అది పడితే, పోలయ్య భార్య చీకట్లో పురుడు పోసుకోవాల్సి వచ్చేదని గట్టిగానే తిట్టాను. పాస్‌వర్డ్ పెట్టని ఇంజినీరు, టెక్కలి నుంచి వచ్చి అక్కడే ఉన్నవాడు, ఫ్యాన్ వంక చూడసాగాడు.

మందు సులువే. డయల్-బ్యాక్ అంటాం. ఎవరు ఫోన్ చేసినా మోడెమ్ నమ్మదు, పెట్టేసి తనకు ముందే చెప్పిన టెక్కలి నంబరుకి తానే తిరిగి చేస్తుంది. ఇక అప్పన్న తీగ కోయడమే మిగిలింది. కటింగ్ ప్లేయర్ చేతిలోకి తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. ఇది కోస్తే వీళ్ళు ఇంకోటి తగిలిస్తారు సార్, ఈసారి మనకి దొరకదు అన్నాను కెప్టెన్‌తో. ఆ కుర్రాడు, అయితే తీగ ఉండనీ, పెట్టెనే లైన్ నుంచి తీసేయమన్నాడు. ఊరికి ఫోన్ ఇవ్వమని టెలిఫోన్ వాళ్ళకి తనే రాశాడు. అది వచ్చేదాకా అప్పన్న బ్రేకర్‌ని పాతకాలం పద్ధతిలో చేత్తోనే నడిపాడు.

ఊళ్ళో ఫోన్ పెట్టారని తెలిశాక మళ్ళీ వెళ్ళాను. బల్ల కింది ఫోన్‌ని అప్పన్నే విప్పి నా చేతికిచ్చాడు. పెట్టెని తిరిగి కలిపి, టెక్కలి వెళ్ళి మోడెమ్ ఎరగని వేరే నంబరు నుంచి చేస్తే మోడెమ్ నన్ను నిర్మొహమాటంగా గెంటేసింది. ప్రాణం హాయిగా ఉంది. ఆ ఊపులో ఊరి ఫోన్‌కీ చేశాను. ఒకామె ఎత్తి ఎవలు కావాలంది. వెనక పసిబిడ్డ ఏడుస్తోంది. లైన్ బాగుందో లేదో చూస్తున్నానమ్మా అన్నాను.

"బాగుంది గానీ పెట్టీండి బావూ, మా ఆయన సేసీ యేల."

పెట్టేశాను. ఆ తరవాత సర్వీసు ఉన్నన్నాళ్ళూ, ఎక్కడ దొంగతీగ కనబడినా కోసే ముందు అది ఎవరి కోసమో అడిగేవాణ్ణి.