తెల్లగా ఉన్న కన్ను

నా ఎడమ కన్ను ఇప్పుడు తళతళలాడుతూ తెల్లగా ఉంటుంది. దానికి జబ్బుందంటే ఎవరూ నమ్మరు. ఆ తెలుపు కోసమే నేనింత పని చేశాను.

మొదట అది ఎర్రబడింది. వెలుతురు చూస్తే పోటు. ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా ఇంటి దగ్గరి కంటి డాక్టరు పరీక్ష చేసి, కంటి లోపల వాపు వచ్చిందని స్టెరాయిడ్ చుక్కలు రాసిచ్చింది. కంట్లో ఊరే నీరు బయటికి పోయే సన్నని దారి ఈ వాపు వల్ల పూడుకుపోవచ్చనీ, కొందరికి ఈ చుక్కల వల్ల కూడా కంట్లో ప్రెషర్ పెరుగుతుందనీ, అందుకే ఎరుపు తగ్గినా చెకప్‌కి తప్పక రావాలనీ నిదానంగా చెప్పింది. నేను బుద్ధిగా తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

కొద్ది రోజులకే కన్ను తేటపడింది. చెప్పినట్టే చుక్కలు తగ్గిస్తూ ఆపేశాను. కొన్నాళ్ళకి మళ్ళీ ఎరుపు. సరిగ్గా అప్పుడే తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. "ఏంటండీ, ఏడ్చారా?" అని ఒకావిడ. "ఇంట్లో అంతా బానే ఉందా?" అని ఇంకొకావిడ, గొంతు తగ్గించి మరీ. మా ఆయన పక్కనే పులిహోర తింటున్నాడు పాపం. చూపులన్నీ ఆయన మీదికి తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

డాక్టరు దగ్గరికి వెళ్తే మళ్ళీ టెస్టులు, మళ్ళీ అదే పాఠం. ఆ గోలంతా ఎందుకనుకున్నాను. ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే వాట్సాప్ గ్రూపులో "సూట్‌కేస్‌లో కాస్త చోటుందా?" అని అడగడం మాకు అలవాటే. ఒకరికి ఆవకాయ వస్తుంది, ఒకరికి కుట్టించిన బ్లౌజులొస్తాయి. నాకు అదే చుక్కల మందు వచ్చింది. అక్కడి మందుల షాపులో పేరు చెబితే చాలు, చేతిలో పెట్టేస్తారు. సీసాలన్నీ బిస్కెట్ల రేకు డబ్బాలో దాచుకున్నాను. కాస్త ఎరుపు కనిపిస్తే రెండు చుక్కలు. ఎవరింటికైనా వెళ్ళాలంటే ఎరుపు లేకపోయినా ఓ రెండు. లిప్‌స్టిక్ వేసుకున్నంత మామూలుగా వేసుకునేదాన్ని.

వసంతకాలంలో, గాలినిండా పుప్పొడి ఎగిరే రోజుల్లో, మా కింది ఫ్లాట్ అమ్మాయి కళ్ళు నలుపుకుంటూ పైకి వచ్చింది. "పొల్లెన్‌తో సస్తున్న అక్కా, జర ఏమన్నా చెప్పు" అంది. ఇంకేముంది, నేను డాక్టరునైపోయాను. డబ్బాలోంచి కొత్త సీసా తీసిచ్చి, ఎలా వేసుకోవాలో కూడా చూపించాను. తల వెనక్కి వాల్చి, రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి, పైకి చూస్తూ. వాళ్ళ ఆరేళ్ళ పాప నోరు తెరుచుకుని చూసింది. "ఇక్కడి డాక్టర్లు ఊరికే భయపెడతారు. నువ్వు నిశ్చింతగా వేసుకో" అన్నాను. ఛీ, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

ఆ తర్వాత ఒకరోజు లేన్ మారబోతుంటే పెద్ద హారన్. ఎడమ పక్కన కారు ఉంది. నాకు కనిపించలేదు. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గిన్నెలాంటి యంత్రంలో తలపెట్టి, చిన్న వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాసేపు నొక్కాను. తర్వాత వెలుగులు రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. "మెషిన్ ఆగిపోయిందా?" అని అడిగాను. పరీక్ష చేస్తున్న అమ్మాయి, "లేదండీ, నడుస్తూనే ఉంది" అంది.

గ్లకోమా, అంటే ప్రెషర్ వల్ల కంటి నరం దెబ్బతినడం. నేను చుక్కలు మానలేదని విని, వాపు చేసింది కొంత, చుక్కలు చేసింది కొంత, ఏది ఎంతో చెప్పలేనంది డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదంది. "మధ్యలో ఈ చుక్కలు ఎవరు రాసిచ్చారు?" అని అడిగింది. ఏడుద్దామన్నా సిగ్గేసింది.

ఇంటికి వస్తుంటే కింది అమ్మాయి గుర్తొచ్చింది. ఆమెకి వెంటనే చెప్పాలి. చెప్పాలంటే నా కన్ను సంగతి చెప్పాలి, మా కాంప్లెక్స్ అంతా తెలుస్తుంది. శనివారం మెట్ల దగ్గర ఎదురైతే నవ్వి ఊరుకున్నాను. ఆదివారం, తలా ఓ వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆమె అందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి, "అక్క డ్రాప్స్ మస్తు పనిచేసినయ్" అంది. నేను మళ్ళీ నవ్వాను. నా పరువు కాపాడుకోవడానికి ఆ అమ్మాయి కళ్ళని ఇంకో రెండు రోజులు మందులో ముంచాను. థూ, ఏం బతుకిది అనిపించింది.

సోమవారం పొద్దున్నే కిందికి వెళ్ళి, గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. మొహం మాత్రం పాలిపోయింది.

"అక్కా, పాపకి గూడ ఏస్తున్న. దానికి గూడ పొల్లెనే గదా. రోజూ స్కూల్‌కి పోయే ముందు."

ఆ పూటే ముగ్గురం నా డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. మీరు కంగారుపడకండి, ముందే చెప్పేస్తున్నాను. తల్లికి ఏమీ కాలేదు. పాపకి కంట్లో ప్రెషర్ పెరిగింది. పిల్లల్లో ఇంకా తొందరగా పెరుగుతుందట. మందు ఆపాక మెల్లగా దిగింది, నరం దెబ్బతినలేదు.

కానీ ఆ రోజు అదేమీ తెలియదు. ప్రెషర్ చూసే ముందు కన్ను మొద్దుబార్చే చుక్కలు వెయ్యడానికి అసిస్టెంట్ వచ్చింది. పిల్ల గింజుకుంటుందని తల్లి ముందే చేతులు పట్టుకోబోయింది. పాప మాత్రం తనంతట తానే తల వెనక్కి వాల్చి, రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి, పైకి చూస్తూ కూర్చుంది.

"వావ్, గుడ్ గర్ల్! ఎవరు నేర్పారు నీకు?" అని ఇంగ్లిష్‌లో మురిసిపోయింది అసిస్టెంట్.

"ఆంటీ!" అంది పాప గర్వంగా, చెయ్యి చాపి నన్ను చూపిస్తూ.

పాప నా ఎడమ పక్కన కూర్చుంది. ఆ వేలు చూడ్డానికి నేను తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది.