ఒకటికి నాలుగంటే ఎక్కువా, తక్కువా?

నేను గుడివాడలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను. భిన్నాల్లో తప్పు చేసినవాణ్ణి బెంచీ మీద నిలబెట్టే రకాన్ని. అలాంటి నేను ఒక చిన్న నిష్పత్తి దగ్గర ఎంత ఘోరంగా బోల్తాపడ్డానో చెప్తాను. వింటే నా పరువు పోతుంది. పోనివ్వండి.

మా కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు. పిల్లలు జంకుతుంటే "చూడండిరా" అని ముందు నేనే పడుకుని చెయ్యి చాపాను. పది రోజులకి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను. "ఒకసారి వచ్చి కలవండి సార్, ఇది ఫోన్లో చెప్పేది కాదు." వెళ్ళాను. నా రక్తంలో సిఫిలిస్ కనిపించిందన్నారు. మన పెద్దవాళ్ళు సవాయి అనేవారు, అదన్నమాట. నాకు కోపం ముంచుకొచ్చింది. "ఒంటి మీద ఒక్క పొక్కు లేదండీ, మీరేదో సీసా మార్చేసుంటారు!" అని అరిచాను. "చాలామందికి బయటికి ఏమీ కనపడదు సార్, పెద్ద పరీక్ష చేయించుకోండి" అని వాళ్ళు నెమ్మదిగానే చెప్పి చీటీ రాసిచ్చారు.

గుడివాడలో చేయించుకుంటే ఇంకేమైనా ఉందా, వీధికి నలుగురు నా శిష్యులే. అందుకని బందరు పెద్దాసుపత్రికి వెళ్ళాను. రక్తం తియ్యడానికి వచ్చిన కుర్రాడు సూది చేత్తో పట్టుకుని "నమస్తే సార్, గుర్తుపట్టారా?" అన్నాడు. గుర్తుపట్టకేం! లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు. ఖర్మ అనుకుని చెయ్యి చాపాను.

అక్కడ కౌన్సెలింగ్ మేడమ్ యాభై ఏళ్ళావిడ. నా మొహం చూసి ముందు మంచినీళ్ళిచ్చింది. తర్వాత రిపోర్టు నా ముందు పరిచి వేలుపెట్టి చూపించింది. పరీక్షలు రెండు. ఒకటి జబ్బు ఎప్పుడైనా వచ్చిందా లేదా అన్నది చెప్తుంది. నయమైపోయినా అది చాలామందికి జన్మంతా అలా పాజిటివ్‌గానే చూపిస్తుంది, దాన్ని చూసి బెదిరిపోవద్దంది. రెండోది ఇప్పుడెంత జోరుగా ఉందో చెప్తుంది. నాది ఒకటికి ముప్పై రెండు. వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు వేశారు. అబ్బ, ఆ ఇంజెక్షన్లు! మూడు వారాలూ క్లాసులో కుర్చీ జోలికి పోలేదు. "మూడు నెలలకి మళ్ళీ రండి, కనీసం నాలుగు రెట్లు తగ్గాలి" అంది మేడమ్. హెచ్‌ఐవీ లేదని చెప్పినప్పుడు మాత్రం ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను.

ఇదెక్కణ్ణుంచి వచ్చిందంటే, హైదరాబాదులో కోచింగ్ సెంటర్లో చెప్పిన రోజుల్లో నాకొక స్నేహం ఉండేది. కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది. ఆమెకి చెప్పి తీరాలంది మేడమ్. ఫోన్ చేశాను. ఆమె ముందు కడిగిపారేసింది, తర్వాత పరీక్ష చేయించుకుంది, మందు వేయించుకుంది, చివరికి "చెప్పి మంచిపని చేశావు" అని మెసేజ్ పెట్టింది.

ఇంతలో దివిసీమలో ఉన్న మా అమ్మ నాకు సంబంధం చూసింది. ముప్పై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదంటే సర్పదోషమేనని నన్ను మోపిదేవికి ఎన్నిసార్లు తిప్పిందో లెక్కలేదు. అమ్మాయి ముదినేపల్లిలో ఒక చిన్న లాబ్‌లో పనిచేస్తోంది. చేపల చెరువుల రైతులు నీళ్ళూ చేపలూ తెస్తే పరీక్ష చేసి ఏ జబ్బో చెప్పే లాబ్. చూపులయ్యాయి, ఇద్దరికీ నచ్చింది. దాచి పెళ్ళి చేసుకోవడం నా వల్ల కాలేదు. నిశ్చితార్థానికి ముందు ఒకసారి మాట్లాడాలని అడిగితే మంగినపూడి బీచ్‌కి వచ్చింది.

ఎక్కాలు అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. ఆమె మూడే మూడు ప్రశ్నలడిగింది. "నయమవుతుందా? మందు పూర్తిగా వేయించుకున్నారా? ఆవిడకి చెప్పారా?" మూడింటికీ అవునన్నాను. "అయితే మూడు నెలల రిపోర్టు రాగానే నాకు చూపించండి. అది చూశాకే ఏదన్నా. అప్పటిదాకా మా ఇంట్లో ఏదో సర్దిచెప్తాను" అంది. చీదరించుకోలేదు, జాలిపడలేదు. ఆ క్షణం నుంచి నాకు ఈమె తప్ప ఇంకెవరూ వద్దనిపించింది. ఈమె కాదంటే ఏమైపోతానోనని భయం కూడా అప్పుడే పట్టుకుంది.

మూడు నెలలు గడిచాయి. బందరు వెళ్తే ఆ రోజు మేడమ్ సెలవు. నా శిష్యుడే కవరు చేతికిచ్చి "బాగుంది సార్, ఏం పర్లేదు" అన్నాడు. వీడికేం తెలుసులే, పాపం ఓదారుస్తున్నాడు అనుకున్నాను. బస్టాండులో కూర్చుని విప్పాను. ఒకటికి నాలుగు. పెన్ను తీశాను. ఒకటి బై ముప్పై రెండు అంటే సున్నా పాయింట్ సున్నా మూడు చిల్లర. ఒకటి బై నాలుగు అంటే సున్నా పాయింట్ రెండు ఐదు. భాగించాను. ఎనిమిది! నాలుగు రెట్లు తగ్గాల్సింది ఎనిమిది రెట్లు పెరిగి కూర్చుంది. రెండుసార్లు సరిచూశాను. లెక్కలో తప్పులేదు. రిపోర్టు జేబులో కుక్కి గుడివాడ బస్సెక్కాను.

ఆ బస్టాండులో బఠాణీలమ్మే ఆవిడకి చూపించినా "ముప్పై రెండు నాలుగైంది కదా బాబూ, తగ్గినట్టేగా" అనేది. నేను ఎమ్మెస్సీ చదివి చచ్చాను కాబట్టి నాకలా తోచలేదు.

గుడ్లవల్లేరు దాకా ఏడుపు ఆపుకున్నాను, ఆ తర్వాత ఆపుకోలేదు. పక్కసీటు పెద్దావిడ "ఎవరన్నా పోయారా నాయనా?" అనడిగింది. "ఇంకా లేదండీ" అన్నాను.

గుడివాడలో బస్సు మారి తిన్నగా ముదినేపల్లి లాబ్‌కి వెళ్ళాను. ఇద్దరు రైతులు నీళ్ళ సీసాలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఆమె గ్లవ్స్‌తోనే పెరట్లోకి వచ్చింది. "ఈ పెళ్ళి వద్దండీ. మీకు నాకంటే మంచి సంబంధం వస్తుంది" అన్నాను.

"రిపోర్టేదీ?"

"ఎందుకులెండి, ఎనిమిది రెట్లు పెరిగింది."

"ఇటివ్వండి ముందు."

గ్లవ్స్ తీసేసి కాగితం అందుకుంది. చూసింది. వెనక్కి తిప్పి నా భాగహారం చూసింది. మేత బస్తా మీద కూలబడి ఒకటే నవ్వు. "మీరు నిజంగా లెక్కల మేష్టారేనా అండీ?" అంది. నాకు ఒళ్ళు మండింది. మనిషి చచ్చిపోతుంటే ఈ పరాచికాలేమిటి!

"మజ్జిగలో నీళ్ళు పోస్తూ పోతే పులుపు ఎంతదాకా తెలుస్తుంది? బాగా పులిసిందైతే ఎన్ని నీళ్ళు పోసినా తెలుస్తుంది కదా. ఇదీ అంతే. అప్పుడు మీ రక్తాన్ని ముప్పై రెండు వంతులు పలచన చేసినా జబ్బు జాడ దొరికింది. ఇప్పుడు నాలుగు వంతులు దాటితే దొరకట్లేదు. నేను రోజూ ఇక్కడ చేసేది ఈ పలచన చెయ్యడమే. తగ్గింది మహానుభావా, ఎనిమిది రెట్లు తగ్గింది!"

అప్పటికీ నమ్మకం చాలక మేడమ్‌కి ఫోన్ చేశాను. "బ్రహ్మాండంగా తగ్గింది సార్, ఆరో నెలలో ఇంకోసారి చూపించుకోండి చాలు" అంది. ఛీ, నా చదువు తగలెయ్య! ఆనందంతో గట్టిగా అరిచేశాను. రైతులిద్దరూ లోపల్నుంచి తొంగిచూశారు.

ఫోన్ పెట్టేసేసరికి ఆమె మొహంలో నవ్వు లేదు. "చూపించమన్నాను కదా. నాకు చూపించకుండానే వద్దని తేల్చేసుకుని వస్తారా? ఆ నిర్ణయం నాది కాదూ?" అంది. తప్పయిపోయిందన్నాను. లోపలికెళ్ళి తన హ్యాండ్‌బ్యాగు తెచ్చి, అందులోంచి అంటించినది అంటించినట్టే ఉన్న కవరొకటి తీసింది.

"ఇది నాది. చేయించుకుని పదిహేను రోజులైంది."

"మీకెందుకండీ?" అన్నాను. నా నోరు అలాంటిది.

"ఎందుకేమిటి? విజయవాడలో చదివేటప్పుడు నాకూ ఒకతను ఉండేవాడు. ఈ మూడు నెలల్లో ఒక్కసారైనా అడుగుతారేమోనని చూశాను. మీ గోల మీదేగానీ, నాకూ ఓ గోల ఉంటుందని మీకు తట్టనేలేదు."

నిజమే, తట్టలేదు.

"ఎవరి చెరువు సంగతైనా మొహమాటం లేకుండా చెప్పేస్తాను. ఇది మాత్రం విప్పాలంటే చేతులు రావట్లేదు. అందులో ఏదన్నా ఉంటే ఏం చేస్తారు?"

"బందరు బస్సెక్కిస్తాను. పక్కసీట్లో నేనుంటాను. ఇంజెక్షన్లు మాత్రం మహా నొప్పండీ, ముందే చెప్తున్నా."

ఆమె కవరు నా చేతిలో పెట్టింది. చింపాను. లెక్కలేమీ వెయ్యకుండా ఒక్కో గీత మీద వేలుపెట్టి పైకి చదివాను. సిఫిలిస్, లేదు. హెచ్‌ఐవీ, లేదు. హెపటైటిస్ బి, లేదు.

ఆమె కళ్ళు మూసుకుంది. రెప్పల కింద నీళ్ళు తిరిగాయి.

"ఇంకోసారి చదవండి" అంది.

చదివాను.