అంచున ఉన్న చెయ్యి

ముప్పై ఏళ్లుగా బొమ్మలకు చట్రాలు బిగిస్తున్నందువల్ల ఆమెను వీధివీధంతా పటాలక్క అనే పిలిచేది. ఏ బొమ్మ వచ్చినా ముందు దాని అంచులు చూడటం ఆమెకు అలవాటు. చట్రం లోపలి గాడి నాలుగు వైపులా అర అంగుళం మేర బొమ్మను మింగేస్తుంది గనుక, అక్కడేముందో తెలుసుకోనిదే ఆమె రంపం ముట్టదు.

ఆ ఉదయం ఒక చిత్రకారిణి తెచ్చిన బొమ్మలో పిల్లలు కళ్లగంతలాట ఆడుతున్నారు. గంతలు కట్టుకున్న పిల్లవాడు చేతులు చాచి నవ్వుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వుతున్నారు. అయితే కింది అంచున, సరిగ్గా గాడిలోకి పోయే చోట, ఒక చిన్న చెయ్యి వాడి కాళ్లకు అడ్డంగా తాడు బిగబట్టి ఉంది. చెయ్యే తప్ప మనిషి లేదు.

"మామూలుగా కడితే ఇది మరుగున పడిపోతుందమ్మా. కనపడాలంటే వెనక పలక పెట్టి, అంచు గాడిలోకి పోకుండా వదిలి కట్టాలి," అంది పటాలక్క.

"మీకెలా తోస్తే అలా కట్టండి. ఇంతవరకూ దాన్ని కనిపెట్టింది మీరొక్కరే!" అని నవ్వి వెళ్లిపోయింది చిత్రకారిణి.

పటాలక్క బల్ల దగ్గరే నిలబడిపోయింది. ఏడేళ్ల వయసులో తాను పట్టుకున్న తాడూ ఇటువంటిదే. ఆనాడు గంతలు కట్టుకున్నది తమ్ముడు. గడప తట్టుకుని పడ్డాడని ఇంటిల్లిపాదీ నమ్మారు. వాడి గడ్డం కింద మచ్చ నేటికీ ఉంది. అసలు సంగతి వాడికి తెలుసా అన్న ప్రశ్న యాభై ఏళ్లుగా ఆమె గొంతు దాటి రాలేదు.

లోపల మూలలకు జిగురు పెడుతున్న తమ్ముడు కేకేశాడు: "ఏంటక్కా, బొమ్మతో కబుర్లా? మామూలు కొలతేగా, కోసెయ్యనా?"

"ఆగరా! ఇలా వచ్చి ఇది చూడు."

అతడు కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు.

"ఓహో, మన పెరట్లో తాడు!"

ఆమె చప్పున వాడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"గంత వదులుగా కట్టింది నువ్వే కదక్కా. కింద సందులోంచి తాడూ కనపడింది, నీ పచ్చ గౌనూ కనపడింది."

"మరి చూస్తూ చూస్తూ ఎందుకు నడిచావురా?"

"నిజంగా లాగుతావా లేదా అని చూద్దామని."

"లాగానుగా! అమ్మకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీకు నాలుగు తగిలేవి, అంతటితో సరి. చెప్పలేదు గనుకే, తప్పు చేశానన్న బాధతో ఏడాది పొడుగునా నీ వాటా బిస్కెట్లు నాకే పెట్టావు. నేనంత వెర్రివాణ్ణా?"

కోపగించుకోవాలో నవ్వాలో ఆమెకు పాలుపోలేదు. ఇన్నేళ్లు తాను మోసిన పాపాన్ని వీడు ఏనాడో బిస్కెట్లతో సహా నమిలి మింగేశాడు!

"అంచు వదిలే కడదాం. చెయ్యి కనపడాలి," అంది చివరకు.

"కొనేవాళ్లు జడుసుకుంటారేమో?"

"జడుసుకోనీ. అలాగైనా దగ్గరికొచ్చి చూస్తారు." ఆపైన ఊరుకోలేక అడిగింది: "ఒరేయ్, ఆ సందులోంచి ఇంకా ఏమేం చూశావురా?"

తమ్ముడు కొత్త కర్ర మీద గీత గీస్తూ, "అన్నీ ఒక్కరోజే చెప్పేస్తారా ఎవరైనా?" అన్నాడు.